నిద్రపోయే గింజలు

వాకాడు,
1963 నవంబరు 14, గురువారం.

చిరంజీవి యెహోషువకు,

కరుణాకుమారి తల్లి రెబెక్కమ్మ దీవించి రాయునది. నేను బాగానే ఉన్నాను. నీవూ, మీ అమ్మగారూ దేవుని దయలో చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ వాన వదలడం లేదు. సముద్రం హోరు ఇంట్లోకి వినబడుతోంది. చచ్చిన గొడ్లను పూడ్చిన దిబ్బ మీద గడ్డి మోకాలెత్తు లేచింది. ఒక్క పశువూ దాన్ని కొరకడం లేదు.

నీ కార్డు అందింది. కరుణ సామాన్ల పెట్టెలో వచ్చిన గాజుబుడ్డిని తెరవవద్దనీ, నువ్వే వచ్చి తీసుకుపోతాననీ రాశావు. నాయనా, దాన్ని ఇవ్వడానికి నాకు చేతులు రావడం లేదు.

కరుణ సమాధి దగ్గర నువ్వు చెప్పినవి మరవలేదు. మీరిద్దరూ పశువుల మందుల ఆఫీసులో పరీక్ష చేస్తుండిన, గొడ్లను చంపే దొమ్మరోగమే దానికి అంటుకుందన్నావు. ఆ పురుగు చావదట. గింజలా పెంకు కట్టుకుని మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రపోతుందట. వెచ్చదనం, తడి, తిండి తగిలితే లోపలున్న రసమే ఆ పెంకును కరిగిస్తుందట. ఎంజైము అని దానికి పేరు కూడా చెప్పావు. బుడ్డిలో ఉన్నవి కరుణ రక్తంలోంచి తీసి ఎండబెట్టినవే అని ఇప్పుడు కార్డులో రాశావు.

పెళ్ళి కాని పిల్ల. దాని ఒంట్లో పుట్టి మిగిలినవి ఇవే కదా బాబూ.

పోయిన వారమంతా బుడ్డిని పాత చీరలో చుట్టి, చలి తగలకుండా కుంపటి పక్కన పెట్టుకున్నాను. పక్కింటి కామమ్మ చూసి, “ఏందక్కా, సీసాకు పురుడు పోస్తా ఉండావా?” అని నవ్వింది. చెవి దగ్గర పెట్టుకుని వినమన్నాను. “నాకేం వినబళ్ళేదక్కా” అంటూనే చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది. నాకు వినబడింది. నూనెలో ఆవాలు చిటపటమన్నట్టు, సన్నగా.

నువ్వు చదువుకున్నవాడివి. ఒక్కటి చెప్పు. నిద్ర లేచినాక అవి తమను మోసిన ఒంటిని గుర్తుపడతాయా?

ఇట్లు,
కరుణను కన్నది,
రెబెక్కమ్మ

తా.క. పైన రాయడానికి ధైర్యం చాలలేదు. ఆదివారం ఆరాధన నుంచి రాగానే బుడ్డి తెరిచాను. ఆ గింజలను గోరువెచ్చని మాంసం నీళ్ళలో కలిపి, పాలకు తోడు వేసినట్టు ముంతలో మూసిపెట్టాను. మర్నాడు మూత తీస్తే తెల్లటి దూదిపోగులు మెల్లగా ఊగుతున్నాయి. చెయ్యి లోపల పెట్టి తాకాను. ఈ పొద్దున మణికట్టు మీద నల్లగా పొక్కింది. నొప్పి లేదు. కామమ్మను గడప తొక్కనివ్వలేదు. నువ్వూ రావద్దు. ఈ కాగితం పొయ్యిలో వేసి, చేతులు బాగా కడుక్కో నాయనా.