పరామర్శ మొహాలు

జూన్ 2, ఆదివారం

అత్తయ్యగారు ఇవాళ ఒక పని అప్పజెప్పారు. నా ఫోటో ఒకటి తీసిపెట్టండి అన్నారు. ఇప్పుడెందుకన్నాను. పోయాక తీయలేరు కదా అన్నారు.

హాల్లో మా ఆవిడ ఫోటో ఉంది, తను పోయాక పెట్టింది. ఆఫీసువాళ్ల గ్రూప్ ఫోటోలోంచి కత్తిరించి పెద్దది చేయించాను. పక్కనున్నావిడ చెయ్యి తన భుజం మీద ఉండేది. స్టూడియో అతను చెయ్యి తీసేశాడు, వేళ్లు మిగిలిపోయాయి. వాటినీ చెరపమంటే భుజం కూడా కొంత చెరిగింది. ఇన్నేళ్ల కాపురంలో తను ఒక్కతే ఉన్న మంచి ఫోటో ఒక్కటీ దొరకలేదు.

నన్ను అలా ఎవరి పక్కనుంచో కోసి తీయకండి అన్నారు అత్తయ్యగారు. నా కూతురికంటే తప్పలేదు.

తను జబ్బుపడినప్పుడు చూసుకోవడానికి వచ్చారు ఆవిడ. తర్వాత వెళ్లలేదు. నేనూ వెళ్లమనలేదు. జూలై నెలాఖరుకి బావమరిది కొత్త ఇల్లు సిద్ధమవుతుందట. వచ్చి వాళ్లమ్మని తీసుకెళ్తానన్నాడు. ఫోటో ఏదైనా ఆలోపే.

సరేనన్నాను.

జూన్ 4

కెమెరా దులిపాను. ఉద్యోగం కోసం కొన్నది. పాత బిల్డింగులు ఇంకెన్నాళ్లు నిలబడతాయో చెప్పడం నా పని. గోడలు, దూలాలు, వాటి పగుళ్లు. దీంతో మనిషిని తీసిన గుర్తు లేదు.

జూన్ 6

తీశాను. ఆవిడ చూశారు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. లోపలికెళ్లి బెండకాయలు తరగడం మొదలుపెట్టారు.

జూన్ 9, ఆదివారం

మా ఆఫీసు అకౌంటెంట్ ఒక ఫోటో క్లబ్బులో మెంబరు. అతని వెంట వెళ్లాను. టైలర్ షాపు మీద గది. ఆదివారం పొద్దున పది పన్నెండుమంది చేరతారు. రూల్ ఒకటే. ప్రింటు తెచ్చి బోర్డుకి గుచ్చాలి. తీసినవాడు నోరు విప్పకూడదు. మిగతావాళ్లు అనాల్సిందంతా అనేదాకా వినాలి. ఫోటో గోడకెక్కాక పక్కన నిలబడి వివరించడానికి నువ్వుండవు కదా అన్నాడు క్లబ్బు పెద్ద. పెళ్లిళ్లలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న ఫోటోగ్రాఫర్. అందరూ మాస్టారంటారు.

అత్తయ్యగారి ఫోటో గుచ్చాను. ఒక పళ్ల డాక్టరున్నాడు, ఈ గోడకి ప్లాస్టరింగ్ ఎప్పుడు సార్ అన్నాడు. అందరూ నవ్వారు. పాస్‌పోర్టు ఫోటోల స్టూడియో నడిపే ఆవిడ నవ్వలేదు. లైటు ఎక్కడ పెట్టావు బాబూ అని అడిగింది. నేను నోరు తెరవబోతే వద్దని చెయ్యి చూపించి తనే చెప్పింది. పక్కనుంచి పెట్టావు, చెంపకి ఆనించినట్టు. ముడతలన్నీ కాలవల్లా తేలాయి. పెద్దావిడ నీకేం పాపం చేసింది?

అప్పటికిగాని నాకు వెలగలేదు. గోడ మీద సన్న పగులు కనబడాలంటే టార్చి పక్కనుంచే వేస్తాం. ఇన్నేళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే అటు పోయింది. అత్తయ్యగారి మొహాన్ని ఇన్‌స్పెక్షన్ చేశాను.

ఇంటికొచ్చి ఆవిడకి చెప్పాను. మరి ఇల్లు ఇంకెన్నాళ్లు నిలబడుతుందని రాశారు రిపోర్టులో అని అడిగారు.

జూన్ 12

కిటికీకి తెల్ల దుప్పటి కట్టి, ఎదురుగా కూర్చోబెట్టి తీశాను. వెలుతురు మెత్తగా పడింది. దుప్పటి ఎవరిదని ఆవిడ అడగలేదు. తను చివరి రోజుల్లో కప్పుకున్నదని ఇద్దరికీ తెలుసు.

జూన్ 16, ఆదివారం

వెలుతురు పాసయింది. మొహం సంగతి తర్వాత చెప్తానన్నాడు మాస్టారు. ఒక్క మొహం మీద చెయ్యి తిరగదు, నలుగుర్నీ తీసి ప్రింట్లు తెమ్మన్నాడు.

జూన్ 19

పక్కింటి లాయరుని తీశాను. కూర్చోగానే, భోజనం సరిగా చేస్తున్నారా అని అడిగాడు. చేస్తున్నానన్నాను. నొక్కాను.

జూన్ 21

క్షవరం చేసే అతను. తను పోయాక నేను మొదటిసారి గడప దాటి వెళ్లింది అతని దగ్గరికే. తల వంచుకుని నిలబడ్డాడు. తలెత్తమన్నాను. ఎత్తాడు, కళ్లు ఎత్తలేదు.

ఆఫీసు లిఫ్టు ఆపరేటర్ని కూడా తీశాను. నేను లంచ్ బాక్సు మర్చిపోతే తను తెచ్చిన రోజుల్లో మేడమ్ రాకముందే లిఫ్టు కిందకి తెచ్చి ఆపేవాడట. నాకు తెలీదు. ఇవాళ చెప్పాడు.

జూన్ 23, ఆదివారం

నాలుగు ప్రింట్లు వరసగా గుచ్చాను. లాయరు, క్షవరం అతను, లిఫ్టు ఆపరేటర్, అత్తయ్యగారు.

స్టూడియో ఆవిడ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. అందరిదీ ఒకటే మొహం అంది. నాలుగు మొహాలు తేలేదు నువ్వు, ఒక్కటే నాలుగుసార్లు తెచ్చావు. పళ్ల డాక్టరు దగ్గరికొచ్చి చూసి, అవును, అందరూ ఒకే ఇంటికి పరామర్శకెళ్లి వచ్చినట్టున్నారు అన్నాడు. గది గొల్లుమంది.

అకౌంటెంట్ నవ్వలేదు. డాక్టర్ని మోచేత్తో పొడిచి చెవిలో ఏదో చెప్పాడు. డాక్టరు నావైపు తిరిగాడు. నవ్వు పోయింది. పెదాలు బిగిశాయి, తల ఓ పక్కకి వాలింది. ఐదో ఫోటో.

రూల్ ప్రకారం నేనేమీ మాట్లాడలేదు.

జూన్ 24

ఇంక వెళ్లను.

జూన్ 27, సాయంత్రం

మాస్టారు ఇంటికొచ్చాడు. అత్తయ్యగారు కాఫీ ఇచ్చారు. డాక్టరు రెండ్రోజులుగా నిద్రపోవట్లేదట, క్షమించమన్నాడట. ఆ సంగతి చెప్పి, మాట తప్పేగాని వాడు చూసింది తప్పు కాదన్నాడు. నీ ముందు కూర్చున్నవాళ్లంతా నిన్నే చూస్తున్నారు. నీకేం కాకూడదని మొహం సర్దుకుంటున్నారు. ఆ సర్దుకున్న మొహాన్ని నువ్వు తీస్తున్నావు.

మరి ఏం చేయాలన్నాను. పెళ్లిలో పెద్దమనుషులు బిగుసుకుపోయి నిలబడతారట ఫోటోకి. అప్పుడు ఈయన కెమెరా ఎత్తి, భోజనాలు అయిపోయాయటగా అంటాడట. అప్పుడొస్తుందయ్యా అసలు మొహం అన్నాడు. లోపల వంటింట్లో అత్తయ్యగారు నవ్వడం వినబడింది. ఈ ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది. కెమెరా చేతిలో లేదు.

వెళ్తూ గుమ్మం దగ్గర గొంతు తగ్గించి, ఆవిడ చేత తిట్టించుకో అన్నాడు.

జూన్ 30, ఆదివారం

క్లబ్బుకి వెళ్లలేదు. బజార్లో తాళంచెవులు చేసే అతన్ని తీశాను. నేనెవరో అతనికి తెలీదు. కెమెరా చూసి, పేపర్లో వేస్తే బావగారి పక్కన మాత్రం వెయ్యకండి, మాకు మాటల్లేవు అన్నాడు. పళ్లన్నీ కనబడేట్టు నవ్వాడు. మంచి ఫోటో.

నన్ను ఎరగనివాళ్లయితే బాగా వస్తున్నారు.

జూలై 5

బావమరిది ఫోను. ఇల్లు ముందే అయిపోయిందట, పధ్నాలుగున వస్తానన్నాడు. ఫోన్ పెట్టేశాక అత్తయ్యగారు పెట్టె కిందకి దించమన్నారు. దించాను. బూజు దులిపి నేనే తుడిచాను.

జూలై 7, ఆదివారం

మళ్లీ కూర్చోబెట్టాను. అదే మొహం. నా బుగ్గలు కూడా నొప్పెడుతున్నాయి. నేనూ అదే మొహం పెట్టుకుని తీస్తున్నానని అప్పుడు తెలిసింది.

జూలై 10

పొద్దున పదింటికి వెలుతురు బాగుంది. దుప్పటి కట్టాను. ఆవిడ కూర్చున్నారు. నన్ను తిట్టండి అన్నాను.

అదేం కోరికన్నారు. మాస్టారు చెప్పాడన్నాను. ఆయనకి పని లేదు, మీకు బుద్ధి లేదు అన్నారు. అదిగో, అలాగే, ఇంకొంచెం అన్నాను. ఏమని తిట్టను, మీరు చిన్నపిల్లాడా, అల్లుణ్ణి తిట్టడమేంటి, వినేవాళ్లు ఏమనుకుంటారు అన్నారు. ఎవరున్నారు వినడానికన్నాను.

తర్వాత మొదలుపెట్టారు. కూరలో ఉప్పు లేకపోయినా తినేస్తారు, పల్లెత్తు మాటనరు. మొన్న కావాలనే వెయ్యలేదు. మర్నాడూ వెయ్యలేదు. అంటారేమోనని చూశాను. రెండోసారి వడ్డించుకున్నారు. మనిషి తింటున్నాడో గోడ తింటోందో తెలీక నేను వంటింట్లో నిలబడి చూస్తున్నాను.

నేను ఫోకస్ చూసుకుంటున్నాను.

అది పోయిన రోజూ అంతే, అన్నారు. వచ్చినవాళ్లకి కుర్చీలు వేశారు. మంచినీళ్లిచ్చారు. ఫ్యాను కింద కూర్చోండి అన్నారు. మా అన్నయ్యకి షుగరని గుర్తుపెట్టుకుని చక్కెర లేని టీ తెప్పించారు. అంత గుర్తుంది. ఏడవడం ఒక్కటే గుర్తు లేదు. ఏం మనిషివయ్యా నువ్వు? కన్నతల్లిని, నాకు ఏడవాలని ఉండదా? నువ్వలా రాయిలా తిరుగుతుంటే నేనెక్కడ ఏడవను? బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. నా కూతురి కోసం నేను దొంగతనంగా ఏడ్చాను.

నువ్వు అన్నారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదు.

కుడిచెయ్యి లేచింది. వేలు నామీదికి. ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి వెళ్లింది.

నొక్కాను.

తర్వాత ఆవిడ ఏడ్చారు, కుళాయి లేకుండా. నేను కెమెరా దించలేదు. దించితే నా మొహం కనబడుతుంది. చాలాసేపటికి ఆవిడే లేచి వచ్చి నా చేతుల్లోంచి కెమెరా తీసుకుని బల్ల మీద పెట్టారు. నా మొహం చూశారు. పైటచెంగుతో తుడిచారు.

తర్వాత మొహం కడుక్కొచ్చి కూర్చుని, ఇప్పుడు తియ్యి అన్నారు.

జూలై 11

రెండు ప్రింట్లు వచ్చాయి.

రెండోది మామూలుగా ఉంది. మొహం కడుక్కున్న ఒక ముసలావిడ. నవ్వట్లేదు, జాలిపడట్లేదు, నాకోసం ఏమీ సర్దుకోలేదు. ఎదురుగా చూస్తోంది. నుదుటి దగ్గర వెంట్రుకలు తడిగా ఉన్నాయి. ఇది నేను అత్తయ్యకి మాటిచ్చిన ఫోటో.

మొదటిది తప్పులతడక. ఫోకస్ కంటి మీద లేదు, చెవి తమ్మె మీద ఉంది. చెయ్యి చెదిరింది. నోరు తెరిచి ఉంది. ఎడమ కనుబొమ్మ.

ఆ కనుబొమ్మ తనది.

మా ఇంట్లో ఆల్బములున్నాయి. ఫోన్ల నిండా ఫోటోలున్నాయి. అన్నిట్లో తను నవ్వుతోంది. ఎవరైనా కెమెరా ఎత్తగానే నవ్వేది. తిట్టే మనిషిని ఎవరూ ఫోటో తీయరు. నాకు తెలిసిన మొహం వేరే. కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయినప్పుడు, వానలో తడిసి చెప్పులతోనే వంటింట్లోకి వచ్చినప్పుడు, పిలిస్తే పలక్కుండా పేపరు చదువుతున్నప్పుడు. ఒక కనుబొమ్మ లేచేది. రోజూ చూసిన మొహం. దాని ఫోటో ఒక్కటి కూడా లేదు. లేదని కూడా నాకు ఇవాళ్టిదాకా తెలీదు.

అత్తయ్య ఆ ప్రింటుని వెలుతురుకి తీసుకెళ్లి చూశారు. ఇది అదే కదా అన్నారు. అవునన్నాను. చాలాసేపు చూశారు.

దీన్ని గోడకి పెడితే పిల్లలు జడుసుకుంటారు అన్నారు తర్వాత. నాకు రెండోది చాలు.

జూలై 14, ఆదివారం

బావమరిది వచ్చాడు. పెట్టె, మందుల సంచి, ఊతకర్ర. ఫోటోని పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు అత్తయ్య. బావమరిది తీసి చూసి, చాలా బాగా తీశారు బావగారూ, అమ్మ అచ్చం అమ్మలా ఉంది అన్నాడు. ఏడ్చాక అందరూ అలాగే ఉంటార్రా అన్నారావిడ. అతను నవ్వాడు, అర్థం కాలేదు.

కారెక్కాక అద్దం దించి, ఒంటరిగా ఉన్నానని పస్తులుండకండి, ఆరోగ్యం జాగ్రత్త, వీలైనప్పుడు వస్తూ ఉండండి అన్నారు. మళ్లీ మీరు. కారు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఇంకొక్కసారి నువ్వు అంటారేమో అనుకున్నాను.

జూలై 21, ఆదివారం

క్లబ్బుకి వెళ్లాను. డాక్టరు కుర్చీ జరిపాడు. మొదటి ప్రింటు గుచ్చాను.

ఫోకస్ పోయింది అన్నారు. చెయ్యి అదిరింది, షట్టర్ స్పీడు చాలలేదు అన్నారు. డాక్టరు కాస్త భయంభయంగానే, ఎవర్నో గాని గట్టిగానే తగులుకుంది అన్నాడు. స్టూడియో ఆవిడ చాలాసేపు చూసింది. పరాయివాళ్లని ఎవరూ ఇలా తిట్టరు అంది.

మాస్టారు లేచి బోర్డు దగ్గరికి వచ్చాడు. మొహం దొరికింది నీకు అన్నాడు. కన్ను ఒక్కటే జారిపోయింది. అదే చోట, అదే వెలుతుర్లో మళ్లీ తియ్యి, ఈసారి కంటి మీద పెట్టు అన్నాడు.

ప్రింటు తీసుకుని ఇంటికొచ్చాను.

జూలై 23

ఆఫీసు నుంచి వచ్చి చెప్పులతోనే వంటింట్లోకి వెళ్లాను. బయట వాన. నేలంతా బురద అడుగులు. కాసేపు అక్కడే నిలబడ్డాను.

తర్వాత నేనే తుడిచాను.