జోజప్ప గారి కుర్చీ

బోయిగూడ,
మార్చి 8, ఆదివారం.

చిన్నోడు ఎరిక్‌కు,

యేసును పెంచిన జోజప్ప గారి నీడ నీ మీద ఉండాలని అక్క ప్రార్థన.

నీ చీటీ అందింది. తెచ్చినవాడు పేరు చెప్పలేదు, నీళ్లిస్తే తాగలేదు. ఫోను వద్దన్నావు కాబట్టి నువ్వు రాసిన నాగపూర్ చిరునామాకే ఇది పంపుతున్నాను.

"నువ్వేం చూడలేదు అను అక్కా. తుకారాం అన్న నిన్నేమనడు. తాత చెప్పేటోడని నువ్వే అన్నవ్ కదా, కన్నుకూ నోటికీ చుట్టరికం కలపొద్దని" అని రాశావు. నిజమే, ఆ మాట నేనే చెప్పాను. సిసిలీ నుంచి యుద్ధఖైదీగా వచ్చి, విడుదలయ్యాక ఓడ ఎక్కకుండా తాపీ పట్టుకుని ఇక్కడే ఉండిపోయిన మనిషి మన తాత సాల్వతోరె. ఆయన పోయేనాటికి నీకు రెండేళ్లు. నీకు తెలిసిన తాత అంతా నా నోటి నుంచి వచ్చినవాడే. అందుకే ఈ తప్పులో నాకూ పాలుంది.

రెండో తారీఖు సాయంత్రం నేను కిటికీ దగ్గర జపమాల చెప్పుకుంటున్నాను. ఎదురింటి టైలరు జమాలుద్దీన్ భాయ్ ఇఫ్తారుకు పండ్లు కొనుక్కుని వస్తున్నాడు. అల్వాల్‌లో ఆయన స్థలానికి తుకారాం దొంగకాగితాలు పుట్టించి గోడ కట్టాడని, ఆయన కోర్టుకు వెళ్లాడని నీకు నేను చెప్పనక్కర్లేదు. తెల్లకారు ఆగింది. ఇద్దరు దిగి ఇనపకడ్డీతో ఆయన కుడిచేతి మీద కొట్టారు. కత్తెర పట్టే చేయి. తుకారాం జేబులో చేతులు పెట్టుకుని నిలబడి, "చేయి చాలు" అన్నాడు.

కారు అద్దానికి అమ్మ జపమాల వేలాడుతోంది ఎరిక్. ముందు దాన్ని గుర్తుపట్టాను. అప్పటికీ నువ్వు కాదేమోననే అనుకున్నాను. స్టీరింగు ముందు కూర్చుని నువ్వు తల పక్కకు తిప్పుకున్నావు. చిన్నప్పుడు సూది వేయించేటప్పుడు అట్లాగే తిప్పేవాడివి.

పోలీసులు వీధంతా అడిగారు. కొందరు టీవీ చూస్తున్నామన్నారు, కొందరు ఇంట్లో లేమన్నారు. నేను ఆలోచించి చెబుతానన్నాను. అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఆరు రోజులుగా పూసలు వేళ్ల మధ్య ఆగిపోతున్నాయి.

ఒకటి మాత్రం తెలుసు. నువ్వు అడిగింది నేను ఇవ్వలేను.

మీ అక్క,
ఫిలోమిన

*

బోయిగూడ,
మార్చి 20, శుక్రవారం.

ఎరిక్ తమ్ముడికి,

దేవుడు నీకు ధైర్యం ఇవ్వాలి. ఈ ఉత్తరం చదవడానికి అది కావాలి.

నిన్న జోజప్ప గారి పండగకు, తాత వాళ్ల ఊరి పద్ధతిలో, వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టే బల్ల వేశాను. ఈ ఏడు మానేద్దామనుకున్నాను, చేయి ఊరుకోలేదు. బేకరీలో నిచ్చెన ఆకారంలో, రంపం ఆకారంలో రొట్టెలు కాల్పించుకొచ్చాను. రోజాల నెల కాబట్టి ఎప్పట్లాగే బల్ల సాయంత్రానికి జరిపాను. మన వీధిలో గడ్డం ఉన్నవాడు ఆయనొక్కడే అని తాత జమాలుద్దీన్ భాయ్‌ని జోజప్పగా కూర్చోబెట్టాడు. తాత పోయినా ఆ కుర్చీ ఆయనదే. నిన్న అది ఖాళీ. ఆస్పత్రి నుంచి ఆయన భార్య రుఖియా ఒక్కతే వచ్చింది. అజాన్ వినబడ్డాక ఖర్జూరం నోట్లో వేసుకుంది.

అప్పుడు తలుపు చప్పుడైంది. తాత దాన్ని 'తుపా తుపా' అనేవాడు. జోజప్ప గారికి సత్రంలో చోటు దొరకలేదని గుర్తుగా, పద్ధతి ప్రకారం లోపలి నుంచి, "చోటు లేదు" అన్నాను.

"గిదేందక్కా, ఇంటికొచ్చినోన్ని గిట్ల అంటవా?"

తుకారాం గొంతు. రుఖియా చేయి గ్లాసు మీద ఆగిపోయింది. మళ్లీ తట్టాడు. మళ్లీ చోటు లేదన్నాను. మూడోసారి తట్టాడు. మూడోసారి తట్టినవాడు ఎవడైనా తలుపు తీయాలి, అన్నం పెట్టాలి. తీశాను.

తన మనుషులను బయటే ఉంచాడు. చెప్పులు విడిచి వచ్చి, నేరుగా జోజప్ప గారి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం రుఖియమ్మా, భాయ్ ఎట్లుండు? చేయి జెర నయమైందా?"

"ఎడమచేత్తోటి గ్లాసు లేపుతుండు సాబ్. అంతా మీ దువా."

వడ్డించాను. సేమియా మీద వేయించిన రొట్టెపొడి చూసి, "ఏందక్కా, ఇసుక పోసినవ్?" అని నవ్వాడు.

"రంపప్పొట్టు. ఇది వడ్రంగి పండగ."

రెండు ముద్దలు తిన్నాడు. "మస్తుంది. నీ చేతి ఉప్పు తిన్న, ఇగ నువ్వు నాకు సుత అక్కవే. తమ్ముళ్లిద్దర్నీ కాపాడుకోవాలె. ఏమంటవ్?"

"ఉప్పు తిన్నది నువ్వు తుకారాం. నీది నేను తినలేదు."

చెంచా ఆగింది. నా గొంతు వణకకూడదని జోజప్ప గారిని అడుక్కున్నాను. వణకలేదు.

"రెండో తారీఖు సాయంత్రం నువ్వు ఈ కిటికీ కింద నిలబడ్డావు. చేయి చాలు అన్నావు. చెబుతానని పోలీసులకు చెప్పాను, సోమవారం మేజిస్ట్రేటు ముందు ఆ మాటే చెబుతాను. నీకు చెప్పకుండా వెనక చెప్పడం నాకు రాదు. తిను, చల్లారిపోతుంది."

"కారు నడిపినోని పేరు సుత చెప్తవా?"

"చెబుతాను."

"సొంత తమ్ముడు."

"అవును."

ప్లేటు ముందుకు నెట్టి లేచాడు. పోయేటప్పుడు అందరూ కలిసిరావాలని జేబులో వేసుకునే అనపగింజను అతను తీసుకోలేదు. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ, "నీ ఇల్లు పాతదక్కా, తలుపు గట్టిగ లేదు" అన్నాడు. రుఖియా నీ పేరు గురించి ఒక్క మాట అడగలేదు. తడిగుడ్డ తెచ్చి ఆ కుర్చీ తుడిచింది.

ఇప్పుడు తాత సంగతి. చివరి రోజుల్లో ఆయన మంచం దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. వాళ్ల ఊళ్లో పొలాలూ బావులూ ఒక ముఠా చేతిలో ఉండేవట. ఎదురు మాట్లాడాడని ఒక కుర్రవాణ్ని కళ్లంలో కాల్చేశారు. తాత గడ్డివామి చాటు నుంచి అంతా చూశాడు. కాల్చినవాళ్లు ఎవరో తెలుసు. ఊరంతా చూడలేదంది, తనూ చూడలేదన్నాడు. ఆ తర్వాత వాళ్లమ్మ బతికున్నన్నాళ్లూ ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఓడ ఎక్కకపోవడానికి కారణం అదే. చచ్చినవాడు తాతకు తమ్ముడు. పేరు జోజప్ప.

కన్నుకూ నోటికీ చుట్టరికం కలపొద్దన్నది ఆయన మనకిచ్చిన నీతి కాదురా. ఆయన చేసిన తప్పు. అంతా తెలిసీ నీకు దాన్ని నీతిగా చెప్పాను, కథ బాగుంటుందని. నన్ను క్షమించు.

సోమవారం పదిన్నరకు వెళ్తున్నాను. నా నోటి నుంచి నీ పేరు రాకముందే నీ నోటి నుంచి వస్తే బాగుండును. కొరియరువాడు రేపటికి అందుతుందన్నాడు. నీ వంతు అనపగింజ ఇందులో పెట్టాను.

అక్క,
ఫిలోమిన

*

బోయిగూడ,
మార్చి 30, సోమవారం.

నా తమ్ముడు ఎరిక్‌కు,

మట్టల ఆదివారం ఆశీర్వదించిన ఆకు ఒకటి నీకోసం ఉంచాను. జైల్లో ముందు వాళ్లు చదివాకే నీకిస్తారట. చదవనివ్వు.

పోయిన ఆదివారం పూజ నుంచి వచ్చి బియ్యం కడుగుతుంటే తలుపు చప్పుడైంది. ఎవరంటే పలకలేదు. తుకారాం మనుషులే అనుకున్నాను. మళ్లీ చప్పుడైంది. గొళ్లెం పట్టుకుని నిలబడ్డాను, తీయలేదు. మూడోసారికి తీస్తే నువ్వు. చేతిలో అమ్మ జపమాల. అన్నం వండి నీకు పెట్టాను. అప్పుడు చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను: నువ్వు తిన్నంతసేపూ, వెనక్కి పారిపొమ్మని చెప్పాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. మర్నాడు నాకంటే ముందే నువ్వు స్టేషనుకు వెళ్లి నీ పేరు చెప్పావు, తర్వాత నేను మేజిస్ట్రేటు ముందు చూసిందంతా చెప్పాను.

తుకారాం ఇంకా దొరకలేదు. శుక్రవారం మన కిటికీకి రాయి వేశారు. అట్టముక్క అడ్డం పెట్టాను. శనివారం కింది వాటా కామాక్షి వచ్చి, "ఆ దినం నేను టీవీ చూడలే ఫిలోమినక్కా. నేను సుత చూసిన. ఏడ చెప్పాలె?" అంది. స్టేషనుకు తోడు వెళ్లాను.

నిన్న ఆస్పత్రికి వెళ్లాను. కారులో ఉన్నది ఎవరో జమాలుద్దీన్ భాయ్‌కి నా నోటితో చెప్పాలి కదా. చెప్పాను. ఆయన కట్టు వైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

"నాకు ఎరికే బెహన్. ఆ రోజే చూసిన. పోలీసోళ్లు అడిగితే, డ్రైవర్ని చూడలే అని చెప్పిన."

"ఎందుకు భాయ్?"

"ఇన్నేండ్లు మీ ఇంటి ఉప్పు తిన్న. ఏం జెయ్యాలె మరి?"

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నేను నోరు తెరవకపోతే నీ పేరు ఎప్పటికీ వచ్చేది కాదు. అది ముందే తెలిస్తే చెప్పేదాన్నా అని నన్ను నేను అడుక్కున్నాను. చెప్పేదాన్నే. కాని ఆ రోజు బల్ల దగ్గర గొంతు అంత నిలకడగా ఉండేది కాదు.

మళ్లీ లోపలికి వెళ్లాను. ఆయన చేతికి రెండు వేళ్లు ఇక మడవవట. మిగతావి చాలంటున్నాడు. కట్టు విప్పాక మొదట కుట్టేది నీ చొక్కానేనట. పాత కొలతలు ఆయన దగ్గరున్నాయి, జైలు తిండికి చిక్కిపోయి ఉంటావేమో అడగమన్నాడు.

కొలతలు రాసి పంపు.

నీ అక్క,
ఫిలోమిన