చెరి సగం

ఏప్రిల్ 4
మూత్రం పోస్తుంటే మంట. మా చెప్పుల ఫ్యాక్టరీలో ఆ గమ్ వాసనకి ఒంట్లో ఏదైనా మండుతుంది. మేనేజర్ని తిట్టుకుంటూ కడుపునిండా నీళ్లు తాగాను.

ఏప్రిల్ 7, ఉదయం
లోదుస్తులకి చీము మరక. ఇది గమ్ పని కాదు.

సాయంత్రం
క్లినిక్‌లో డాక్టరమ్మ తలెత్తకుండానే పెళ్లయిందా అంది. పెళ్లికీ మంటకీ ఏమిటి సంబంధమని లేచాను. కూర్చో నాయనా, అరిస్తే తగ్గే జబ్బు కాదిది అంది. క్లమీడియా అట. కలిసి పడుకుంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందట. ఆడవాళ్లలో చాలామందికి పైకేమీ తెలియదట, లోపల్లోపలే పాకుతుందట. నీతో ఉండే అమ్మాయినీ తీసుకురా, తనకి వేరే మందులు రాస్తాను, ఇద్దరికీ తగ్గేదాకా దూరంగా ఉండండి అంది. నాకు వారం మాత్రలు రాసింది.
తీసుకెళ్లను. తనని కూడా ఆ బెంచీ మీద కూర్చోబెట్టి పెళ్లయిందా అని అడిగించనా?

ఏప్రిల్ 8
తను మా ప్యాకింగ్ సెక్షన్. ఏ పెళ్లి తంతూ లేకుండా ఒకే గదిలో ఉంటున్నాం, ఒకే నియమంతో: ఏదున్నా చెరి సగం. సమానత్వం గురించి కరపత్రాల్లో చదివింది నేను, పాటించేది తను. సబ్బు బిళ్ళని కూడా దారంతో కోస్తుంది. జబ్బు సంగతి చెబితే, నాకేం నొప్పి లేదుగా అంది. అయినా నియమం నియమమే అన్నాను. నా మాత్రలు చెరి సగం పంచాను. అబ్బో, డాక్టరు గారూ అని నవ్వింది.
ఎవరి నుంచి ఎవరికి అని ఇద్దరం అడగలేదు.

ఏప్రిల్ 13
మంట పోయింది. దూరమూ పోయింది.

మే 20
నాకు మళ్లీ మంట. తను పొత్తికడుపు పట్టుకుని ప్యాకింగ్ లైన్లో నిలబడలేకపోతోంది. నకిలీ మందులు! దొంగ కంపెనీ మీద కరపత్రం వేస్తాను. సగం రాశాను కూడా.

మే 23
తను జ్వరంతో కాలిపోతుంటే వాళ్లక్క వచ్చి ఆస్పత్రిలో చేర్చింది. ఏమయ్యా సంస్కర్తా, మా చెల్లిని ఉద్ధరించడం అయిందా అంది నన్ను చూసి.
డ్యూటీలో అదే డాక్టరమ్మ. నీ మందులు నకిలీవని మీద పడ్డాను. అన్నీ వేసుకున్నావా అంది. ఇద్దరం సమానంగా వేసుకున్నామని ఛాతీ విరుచుకుని చెప్పాను. పెన్ను కింద పెట్టింది. సగం మందుకి మంట తగ్గుతుంది, జబ్బు తగ్గదు అంది. గర్భనాళాల్లో చీము పట్టిందట. ఇక తనకి పిల్లలు పుట్టడం కష్టం కావచ్చట.

మే 24
కరపత్రం చించేశాను.

జూన్ 2
గదికి వచ్చింది. ఎలా ఉంది అన్నాను. ఇందులో సగం తీసుకోలేవుగా అంది. నవ్వలేదు.

జూన్ 5
కొత్త సబ్బు తెచ్చింది. కోయలేదు. తన సంచిలో పెట్టుకుంది.