పిల్లలకోడిలో ఏడోది

తాండూరు, 1961, మాఘ అమావాస్య

పిల్లలకోడి చుక్కల, అంటే కృత్తికల పక్కనున్న తోకచుక్క ఇవాళ ఇంకా మసకబారింది. తోక లేదు, పొగమరకలా ఉందంతే. దాని వెలుగు కొలవడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. బడి బైనాక్యులర్ చక్రం తిప్పి చుక్కలనూ అంతే మసకగా చేయాలి. అప్పుడు అది ఏ చుక్కతో సరితూగుతుందో చూడాలి.

అలా తిప్పి ఉండగానే నాయిన మేడ మెట్లు తడుముకుంటూ వచ్చాడు. పొద్దున్నే కోట్‌పల్లిలో గొర్రెల మందను మా తమ్ముడికి అప్పజెప్పి బయల్దేరాడట. చక్రం సరిచేయడం మరచి ఆయన చేతికిచ్చాను.

"అబ్బ! గింత సక్కగ కనవడక ఎన్నేండ్లాయె! ఏడోది గూడ ఉన్నది బిడ్డా!"

చిన్నప్పుడు మంద దగ్గర పడుకుని లెక్కపెడితే నాకెప్పుడూ ఆరే. "ఏడోది తప్పిపోయిన గొర్రె లెక్క. సూటిగ సూస్తె దొరకది, జర పక్కకు సూడు" అనేవాడు నాయిన. ఈ తోకచుక్కను నేను పట్టింది కూడా ఆ పక్కచూపుతోనే.

బైనాక్యులర్ తీసుకుని చూశాను. అన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. నాకు మసకైన చోట ఆయనకు తేటపడింది. అంటే మామూలుగా ఆయనకు...

"మందనెట్ల గాస్తున్నవ్ నాయినా?"

"గొర్ల మెడల గంటల సప్పుడున్నది గద. ఫికర్ జెయ్యకు" అన్నాడు, ఇంకా పైకే చూస్తూ.

ఇప్పుడు కింద నిద్రపోతున్నాడు. ఆయనకు తేటపడ్డ చోటు గుర్తుండేలా చక్రం మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. తోకచుక్క వెలుగు మాత్రం రాసుకోలేదు.