నేషనల్ పర్మిట్ బుచ్చయ్య

15 సెప్టెంబర్ 2025, సోమవారం

నేను రుక్మిణమ్మను. డెబ్బై దాటినయ్. ఊరు మామిడిపల్లి. ఇంట్ల నేను, మనుమరాలు సంతోషి, ఇద్దరమే. నాకు సదువు రాదు. నేను చెప్తున్న, అది రాస్తున్నది. నా కేసు ఇది: మా చేన్ల నా పెనిమిటి బుచ్చయ్య సమాధి ఉన్నది. రోడ్డు కోసం దాన్ని తీస్తరట. నేను తియ్యనియ్య.

సర్వే సారు జీవన్ వచ్చిండు. ఇది నేషనల్ హైవే అమ్మగారూ, దేశం మొత్తానికి పనికొచ్చేది, అడ్డం పడకండి అన్నడు. నా మొగడు లారీ మీద నేషనల్ పర్మిట్ అని రాసుకొని దేశమంత తిరిగిండు, ఆయనది నేషనల్ గాదా అన్న. సారు నవ్విండు. పర్మిట్ పోనిస్తుందండీ, ఉండనివ్వదు అన్నడు.

17, బుధవారం

బుచ్చయ్య పోయి ఏడాది. సమాధి కాడ పిట్టకు అన్నం, మటన్ పెట్టినం. కాకి ముడితే పోయినాయన తృప్తిపడ్డట్టు. ముట్టకుంటే ఏదో కోరిక మిగిలినట్టు.

కరెంటు తీగ మీద వరుసగ కాకులు. ఒక్కటి దిగలే. నిన్ను ఈడికెల్లి కదలనియ్య అని మొక్కి మాటిచ్చిన. ఆ మాట ఇనంగనే అన్నీ లేచిపోయినయ్.

మా మరిది పాండు, మటన్ల ఉప్పు తక్కువైందేమో వదినా అన్నడు. నోర్ముయ్యమన్న.

18, గురువారం, పొద్దుగాల

సమాధి మీద నెమలి కూసున్నది. నేషనల్ పిట్ట నానమ్మా, దాన్ని ముట్టుకుంటె జైలే, ఇగ రోడ్డోళ్లు ఏం జెయ్యరు అని సంతోషి సంబురపడ్డది.

నాకు సంబురం కాలే. కట్టె ఊపినా అది కదల్లే. రోడ్డు దిక్కే చూస్తున్నది.

19, శుక్రవారం

ఇయ్యాల నెమలి అరిసింది. రెండు చిన్నగ, ఒకటి పొడుగ్గ. బుచ్చయ్య మలుపు కాడ హారన్ గట్లనే కొట్టెటోడు. ఇంటికొచ్చేటప్పుడు కాదు. పోయేటప్పుడు.

20, శనివారం

నెమలి ఆడనే ఉన్నది.

21, ఆదివారం, పెత్రమాస, పోయిన పెద్దలకు పెట్టే అమాస

మళ్ల సమాధి కాడ ఇస్తరేసి అన్నం పెట్టిన. పాండు ఉన్నడు, పక్కింటి ప్రేమలత ఉన్నది. నెమలి దిగింది గాని మెతుకు ముట్టలే. నన్నే చూస్తున్నది.

బతికున్నప్పుడు బుచ్చయ్య ఇంట్ల నాలుగొద్దులుంటె చాలు, కాళ్లు గుంజుతున్నయ్ రుక్మిణీ అనెటోడు. ఇప్పుడన్న నా కాడ ఉంటడనుకున్న.

పోతవా అని అడిగిన. ఇస్తరి దాని దిక్కు జరిపిన. సరే పో, రోడ్డు రానీ అన్న.

నెమలి ఒక్క మెతుకు మిగల్చలే.

22, సోమవారం

నా కేసు లేదు. సమాధి తీసుకొమ్మని సారుకు చెప్పిన.

జర సేపటికి మలుపు కాడ హారన్ మోగింది. రెండు చిన్నగ, ఒకటి పొడుగ్గ. సంతోషి ఉరికి చూసొచ్చింది. బండి ఏదీ లేదట.

వేలిముద్ర: రుక్మిణమ్మ
హారన్ ఇన్న సాక్షులు: పాండు, ప్రేమలత