తెల్లగా వచ్చిన మనిషి

మేళ్లచెరువు, గురువారం

అమ్మకు, దేవుని దయవల్ల నీ కొడుకు కాళ్లూ చేతులూ భద్రంగా ఉన్నాయి. ఫోన్లో అయితే సగం వినగానే "స్తోత్రం" అని పెట్టేస్తావు. అందుకే కార్డు రాస్తున్నాను, చెల్లితో చదివించుకో.

మొన్న ఫ్యాక్టరీలో లారీ వెనక్కి వస్తుంటే నేను చూసుకోలేదు. ఒళ్లంతా తెల్లగా ఉన్న మనిషి నా కాలరు పట్టి పక్కకు లాగాడు. నువ్వేమో ఫోన్లో సగమే విని, తెల్లబట్టల్లో దేవదూత దిగివచ్చాడని ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబుతావట! అమ్మా, అది సిమెంటు దుమ్ము. ఆయన మాతో బస్తాలు మోసే గోపయ్య. "కండ్లు కనిపిస్తలేవారా? ఎనకకు సూడవా?" అని తిట్టాడు కూడా.

దేవుడు పంపలేదని నేననను. పంపాడనే నమ్ముతున్నాను. కానీ సాక్ష్యంలో గోపయ్య పేరు చెప్పు.

నా పాత దుప్పటి పంపు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? చెల్లిని జాగ్రత్తగా చదువుకోమను.

ఇంకో మాట. ఆ దుమ్ముకు గోపయ్యకు దగ్గు ఆగడం లేదు. ఒంటరి మనిషి, ఆయన కోసం ప్రార్థన చేసేవాళ్లు లేరు. నా చుట్టూ దూతలను కావలి పెట్టమని రోజూ అడుగుతావు కదా, వాళ్లలో ఒకరిని ఆయన దగ్గరికి పంపమని అడుగు.

నీ దానియేలు