గరిటె ఇచ్చిన ఇళ్లు

నేపుల్స్,
1954 డిసెంబరు 17.

గౌరవనీయులైన లొరెతో బావకు, బావమరిది జెరార్దో భుజాన ఊదే తోలుతిత్తి వాద్యం దించి, టోపీ తీసి చేసే నమస్కారాలు.

ఇక్కడ క్షేమం. నీ చిగుళ్ల వాపు తగ్గిందా? పులుసైనా తాగుతున్నావా, అలిగి పడుకున్నావా?

నీ కోపం నాకు తెలుసు. నవంబరులో మనిద్దరం ఇంటింటికీ చెక్క గరిటె ఇచ్చి వచ్చాం. ఇచ్చామంటే క్రిస్మస్ పండుగ ముందు తొమ్మిది రోజులూ వాళ్ల ఇంట్లో పేర్చిన పశువుల పాక బొమ్మల ముందు ఊదుతామని మాట ఇచ్చినట్టే. అంతలో గాడిద నిన్ను కింద పడేసింది, ముందు పళ్లు పోయాయి. “నేను ఊదని సన్నాయి అక్కడెవడు వింటాడ్రా? పోయి గరిటెలు వెనక్కి తెచ్చెయ్” అని సన్నాయి నా ఒళ్లోకి విసిరేశావు. గరిటె వెనక్కి తీసుకున్నవాడికి మళ్లీ ఆ గుమ్మం ఎక్కే ముఖం ఉంటుందా? అందుకే సన్నాయికి ఇంకొక మనిషిని వెంటబెట్టుకుని కొండ దిగాను.

నిన్న మొదటి రోజు. దొన్నా నున్జియాతా తలుపు సగమే తీసి, గరిటె చేత్తో పట్టుకుని నిలబడింది. “లొరెతో ఏడీ? వాడు లేకుండా ఈ తిత్తి మోత నాకెందుకయ్యా, నీ గరిటె నువ్వు పట్టుకుపో” అంది. ఆవిడ కాదంటే వీధి వీధంతా కాదంటుంది. ఇంతలో నా పక్కన సన్నాయి పీకను నోట్లో తడుపుకున్న చప్పుడు, వెంటనే పాట. ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. “ఇది లొరెతో విరుపేగా! రండి లోపలికి, చలికి చస్తారు” అంది. ఆ గరిటెతోనే చిక్కుళ్ల పులుసు వడ్డించింది. నీ పళ్ల సంగతి విని, గాడిదకేమీ కాలేదు కదా అని అడిగింది.

నీకు కుళ్లుగా ఉంటుంది, ఉండనీ. మనం గరిటె ఇచ్చిన ఇళ్లలో ఒక్కటీ పోలేదు బావా. నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇట్లు,
నీ బావమరిది
జెరార్దో

తా.క.: ఇంక దాచలేను. సన్నాయి ఊదుతున్నది మా అక్క, నీ పెళ్లాం కొలొంబా. పిన్ని కూతురి పురిటికని నీతో అబద్ధం చెప్పి వచ్చింది. ఇన్నేళ్లూ నీ కొత్త పీకలన్నీ వంటింట్లో కూర్చుని ఊది ఊది దారికి తెచ్చిందెవరనుకున్నావు? నీ పాటంతా తనకొచ్చు. ఆడది ఊదడమేమిటని గొంతు చించుకుంటావని తెలుసు. అక్కకు ఆ గొంతే కావాలట. “ఊదుతూ పాడలేను గదరా! చరణం ఎత్తుకునేవాడు లేక వెలితిగా ఉంది. పాటకు పళ్లెందుకు, మీ బావని ఉత్తరం అందగానే బస్సెక్కమని రాయి” అంటోంది.